కెమెరా లేకుండ సినిమా తీసిన చిత్రకారుడు: నార్మన్ మెక్లారెన్

మన అక్కన్నపేటకు అంత దూరము కాని చేర్యాలలో నకాషీ చిత్రకారులు వ్రాయు పటములను మన పెద్దలు ఎరుగుదురు. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూత పూయుదురు. అది ఆరిన పిదప ఎఱ్ఱని నేలపై కథలోని ఘట్టములను వరుసగా, గడి తరువాత గడిగా చిత్రించి, ఆ పొడుగైన గుడ్డను చుట్టగా చుట్టి కథకులకు ఇచ్చెదరు. కూనపులివారు పద్మశాలీల వాడలో మార్కండేయ పురాణము చెప్పునపుడు ఆ చుట్టను కొంచెము కొంచెముగ విప్పుచు, ఒక్కొక్క గడిలోని బొమ్మను చూపుచు కథ నడిపింతురు. బొమ్మ కదలదు, కథకుని నోటిమాటయే దానిని కదిలించును.

ఆ పటమును అంగుళమున్నరకు లోపు వెడల్పునకు కుదించి, గడులను తపాలా బిళ్ళకన్న చిన్నవి చేసి, సెకనుకు 24 గడుల వంతున దీపము ముందు పరుగెత్తించినచో అదియే సినిమా. లోకములో చాలమంది ఆ గడులను కెమెరాతో నింపిరి. ఒక స్కాట్లండు దేశీయుడు మాత్రము కెమెరాను ప్రక్కకు నెట్టి, మన నకాషీలవలెనే కలము, కుంచె పట్టి, ఆ ఇరుకు గడులలో తన చేతితోనే బొమ్మలు వ్రాసెను. అతని పేరు నార్మన్ మెక్లారెన్. ఈ రజతోత్సవ సంచికలో దేశనాయకుల జీవితములకు, కవుల జీవితములకు కొదువ ఉండదు. అందుచేత ఈ కదలుబొమ్మల శిల్పి కథను మన చదువరుల ముందు పెట్టుటకు పూనుకొంటిని. ఇతడు పల్లె ప్రజలకు బొమ్మల ద్వారా ఆరోగ్యపాఠములు చెప్పుటకు చైనా దేశము పోయినవాడు; అట్టి పనిమీదనే మన భారతదేశమునకును వచ్చినవాడు.

మెక్లారెన్ 1914వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన స్కాట్లండులోని స్టర్లింగు పట్టణమున జన్మించెను. తండ్రి ఇండ్లకు రంగులు వేసి లోపలి భాగములను అలంకరించు వృత్తిలో ఉండెను. రంగుల డబ్బాల నడుమ పెరిగిన బాలునికి రంగుపై మక్కువ కలుగుటలో వింత లేదు. 1932లో అతడు గ్లాస్గో చిత్రకళాశాలలో గృహాలంకరణ విద్యకై చేరెను. కాని అక్కడ అతని మనస్సును దోచుకొన్నది ఆ విద్య కాదు, సినిమా. విద్యార్థుల ఫిల్ము సంఘము వారు రష్యా దేశపు ఐసెన్‌స్టయిన్, పుడోవ్‌కిన్ మొదలగువారి చిత్రములను చూచి చర్చించుకొనుచుండిరి. అప్పుడే జర్మనీకి చెందిన ఆస్కార్ ఫిషింగర్ తీసిన ఒక చిన్న చిత్రమును అతడు చూచెను. అందులో మనుష్యులు లేరు, కథ లేదు. సంగీతము సాగుచుండగా గీతలు, ఆకారములు మాత్రమే తాళము తప్పక ఆడినవి. చెవితో వినుదానిని కంటితో చూడవచ్చునన్న సంగతి ఆ యువకుని జీవితమును మార్చివేసెను.

చూచుట సులభము, చేయుట ఎట్లు? అతనికి కెమెరా లేదు, కొనుటకు డబ్బు లేదు. అపుడు సినిమాహాలు వారిని అడిగి, అరిగిపోయిన పాత ఫిల్మును తెచ్చుకొనెను. ఫిల్ముపై బొమ్మను నిలిపి ఉంచునది ఒక పలుచని మందుపూత. నీటిలో నానబెట్టి ఆ పూతను కడిగివేయగా, అద్దమువలె తేటయైన పట్టీ మిగిలెను. దానిపై కుంచెతో రంగుల సిరాలు పూసి యంత్రమున పెట్టి ఆడించెను. తెరపై రంగులు ఎగిరినవి, దూకినవి. చేతిలో పైసా లేని విద్యార్థి ఇతరులు పారవేసిన ఫిల్ముతో కొత్త కళకు దారి తీసెను.

ఈ పనిలోని కష్టమును చదువరులు కొంచెము ఊహింపవలెను. సెకనుకు 24 గడులనగా నిమిషమునకు 1440 గడులు. పొడవు 90 అడుగులు. గడి వెడల్పు ఇంచుమించు ఒక అంగుళము, ఎత్తు ముప్పాతిక అంగుళము. అందులో ఒక కోడిబొమ్మను వ్రాసి, ప్రక్క గడిలో ఆ కోడినే వెంట్రుకవాసి జరిపి మరల వ్రాయవలెను. చేయి కాస్త వణకినచో తెరపై అది జానెడు గెంతును. పూర్వపు గడిలోని బొమ్మ కొత్త గడిపై ప్రతిబింబించునట్లు చేయు చిన్న పరికరమును పిమ్మట అతడు వాడెను. అయినను కొంత అదురు మిగిలియే ఉండెను. ఆ అదురును అతడు దోషముగా భావింపక, బొమ్మకు ప్రాణము పోయు సొగసుగా మార్చుకొనెను. గడిలో ఏమి ఉన్నదనుటకన్న ఒక గడికి, దాని తరువాతి గడికి నడుమ ఏమి జరిగినదన్నదే ముఖ్యమని అతని సిద్ధాంతము. కదలుబొమ్మల శాస్త్రమంతయు ఆ ఒక్క ఊహలో ఇమిడియున్నదని తెలిసినవారు చెప్పుదురు.

స్కాట్లండు ఔత్సాహికుల చిత్రోత్సవమునకు అతడు పంపిన చిత్రములు జాన్ గ్రియర్సన్ కంటబడినవి. గ్రియర్సన్ కూడ స్కాట్లండువాడే. వాస్తవ చిత్రములకు, అనగా డాక్యుమెంటరీలకు, ఆద్యులలో ఒకడు. అప్పుడాయన లండనులో బ్రిటిషు తపాలాశాఖవారి ఫిల్ము విభాగమునకు పెద్ద. ఈ యువకుని అక్కడకు పిలిచెను. 1936లో మెక్లారెన్ లండను చేరెను.

ఆ సంవత్సరమే అతని మనస్సుపై మాయని మచ్చ పడెను. అప్పటికే అతడు హెలెన్ బిగ్గర్ అను శిల్పకళాకారిణితో కలిసి, ఆయుధ వ్యాపారమును దుయ్యబట్టుచు 'హెల్ అన్‌లిమిటెడ్' అను చిత్రమును తీసియుండెను. అది చదువుకొన్న కోపము. ఆ పిమ్మట స్పెయిను దేశమున అంతర్యుద్ధము చెలరేగగా, 'డిఫెన్స్ ఆఫ్ మాడ్రిడ్' అను చిత్రమునకు కెమెరా పట్టుటకు అక్కడకు పోయెను. బాంబులు పడిన ఇండ్లను, వీధులలోని శవములను కెమెరా కంటితో చూచెను. ఇది అనుభవించిన దుఃఖము. యుద్ధమన్న అసహ్యము అతనికి అప్పుడు కలిగి, చచ్చువరకు పోలేదు. సుకుమారుడు, సిగ్గరి, కోడిపిల్లలను, పూవులను ఆడించి నవ్వించువాడు తరువాత అంత కఠినమైన చిత్రమును ఎట్లు తీయగలిగెనని ఆశ్చర్యపడువారు స్పెయినును మరువరాదు.

తపాలాశాఖలో అతడు టెలిఫోను డైరెక్టరీ తయారగు విధమును గూర్చి ఒక చిత్రమును, విమాన తపాలా ప్రచారమునకై 'లవ్ ఆన్ ది వింగ్' అను మరియొక చిత్రమును తీసెను. 1938లో వచ్చిన ఈ రెండవదానిని అతడు నేరుగా ఫిల్ముపై గీసెను. అందులో ఉత్తరములు ప్రేయసీప్రియులై, క్షణమునకొక రూపము దాల్చును. శాఖామంత్రికి ఆ సరసము మితిమీరినట్లు తోచి, ప్రదర్శనమును ఆపివేయించెను. సర్కారు కొలువులో కళాకారునికి ఇట్టివి తప్పవు.

1939లో మెక్లారెన్ అట్లాంటికు దాటి న్యూయార్కు చేరెను. చేతిలో డబ్బు లేని ఆ దినములలోనే 'డాట్స్', 'లూప్స్' అను రెండు చిన్న చిత్రములు చేసెను. 'డాట్స్' అనగా చుక్కలు. మన ఆడవారు వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్లు, ఇతడు గడులలో చుక్కలు పెట్టి ఆడించెను. అయితే వింత అది కాదు. ఆ చిత్రములలోని శబ్దమును గూడ అతడు కలముతోనే గీసెను!

ఇది నమ్మశక్యము కాని మాటవలె ఉండును గనుక వివరింపవలసియున్నది. ఆ కాలపు ఫిల్ములో బొమ్మల గడుల ప్రక్కన సన్నని చార ఒకటి నిలువునా పోవుచుండును. అదియే శబ్దమునకు కేటాయించిన చోటు. యంత్రములోని దీపకాంతి ఆ చారగుండ పోవునపుడు దానిలోని నలుపు తెలుపులనుబట్టి వెలుగు హెచ్చు తగ్గులగును; ఆ హెచ్చుతగ్గులను యంత్రము విద్యుత్తుగా, విద్యుత్తును శబ్దముగా మార్చును. సాధారణముగా ఆ చారను శబ్దగ్రహణ యంత్రము ముద్రించును. మెక్లారెన్ అందులో సిరాతో గీతలు గీసెను. తంబుర తీగను బిగించినకొలది స్వరము పైకి పోవునట్లు, గీతలు దగ్గరపడినకొలది స్వరము హెచ్చును. గీత లావైనకొలది శబ్దము బిగ్గరయగును. వాద్యము లేదు, వాయించువాడు లేడు. అయినను పాట వినవచ్చును. ఇటుపిమ్మట అతడు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చారల చీటీ తయారుచేసి, వాటిని వరుసగా ఫొటో తీసి రాగము కూర్చు పద్ధతిని సాధించెను. నేటి దినములలో యంత్రముల ద్వారా సంగీతమును పుట్టించుట సాధారణమైనది. అతడు సిరా సీసాతో ఆ పని చేసినది 1940లో అని గుర్తుంచుకొనవలెను.

ఇంతలో గ్రియర్సన్ కెనడాకు పోయి, అక్కడ 1939లో ఏర్పడిన జాతీయ ఫిల్ము బోర్డునకు అధిపతియయ్యెను. 1941లో మెక్లారెన్‌ను పిలిపించెను. అప్పటినుండి పదవీ విరమణ వరకు, నలువది సంవత్సరములకు పైగా, మెక్లారెన్ ఆ బోర్డు ఉద్యోగిగనే ఉండెను. యుద్ధకాలములో అతనికి అప్పగించిన పనులు పొదుపుపత్రములు కొనుడనుట, ఉత్తరములు ముందుగా పోస్టు చేయుడనుట వంటివి. 1942లోని 'హెన్ హాప్'లో పొదుపు సందేశము ఇచ్చునది ఒక నాట్యమాడు కోడి. ఆ కోడి తల ఒక ప్రక్కకు, కాళ్ళు ఒక ప్రక్కకు పోయి, మరల కలిసి చిందులు వేయును. పొదుపు సంగతి మరచిపోయినను కోడిని మరువలేము.

బోర్డులో కదలుబొమ్మల విభాగమును 1943లో నెలకొల్పి, యువ చిత్రకారులను చేరదీసి నేర్పినవాడతడే. వారిలో ఎవెలిన్ లాంబార్ట్ అను ఆమెను ప్రత్యేకముగా పేర్కొనవలెను. ఆమెకు వినికిడి తక్కువ; కాని చూపు, ఓర్పు అసాధారణములు. ఆమె చాల చిత్రములలో మెక్లారెన్‌కు సహకర్త. 1949లో వారిరువురు కలిసి ఆస్కార్ పీటర్సన్ అను నీగ్రో జాతి పియానో విద్వాంసుని సంగీతమునకు 'బిగాన్ డల్ కేర్' చేసిరి. ఇందులో గడుల హద్దులు గూడ పాటింపక, ఫిల్మును బల్లపై పొడుగున పరచి, రంగులు పూసి, గీకి, సంగీతమునకు సరితూగునట్లు దిద్దిరి.

ఆ సంవత్సరమే మెక్లారెన్ యునెస్కో పక్షమున చైనాకు పోయెను. చుంకింగు నగరమునకు చేరువనున్న పెయిపెయి అను గ్రామీణ ప్రాంతమది. చదువురాని రైతులకు ఆరోగ్య విషయములు బొమ్మల ద్వారా చెప్పుట ఎట్లు అన్నది అక్కడి ప్రయోగము. టీకాలు వేయించుకొనుట ఎందుకు, పరిశుభ్రత ఎందుకు అను సంగతులపై గోడపత్రములు, ఫిల్ము పట్టీలు చేయుటను అతడు చైనా చిత్రకారులకు నేర్పెను. ఖరీదైన యంత్రములు లేవు. కెమెరా లేకుండ సినిమా నేర్చినవానికి అది కొరత కాలేదు. గ్లాస్గోలో పేదరికము నేర్పిన విద్య పల్లెసీమలో అక్కరకు వచ్చెను. అతడక్కడ ఉండగనే చైనాలో ప్రభుత్వము మారెను. కమ్యూనిస్టు సేనలు ఆ ప్రాంతమునకు వచ్చినవి. మరుసటి సంవత్సరము అతడు కెనడాకు తిరిగి వచ్చునప్పటికి కొరియాలో యుద్ధము మొదలుకానుండెను. తాను కలిసి పనిచేసిన చైనీయులు ఒక ప్రక్క, తన దేశీయులు మరియొక ప్రక్క నిలిచి పోరుచున్న ఆ దినములలో అతని మనస్సు ఎట్లు కలగియుండునో ఊహింపవచ్చును.

ఆ కలతనుండి పుట్టినదే 1952లోని 'నైబర్స్'. ఇరుగుపొరుగువారు అని అర్థము. ఎనిమిది నిమిషముల ఈ చిత్రము గట్టు పంచాయితీ కథ. మన ఊళ్ళలో దీనిని ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు.

పచ్చిక బయలుపై రెండు ఇండ్లు. ఇద్దరు పొరుగువారు ఎదురెదురుగ కుర్చీలలో కూర్చుండి పత్రికలు చదువుచుందురు. శాంతి లేకున్న యుద్ధము తప్పదని ఒకని పత్రికలోని శీర్షిక. యుద్ధము లేకున్న శాంతి తప్పదని రెండవవాని పత్రికలోనిది. ఇంతలో ఇద్దరి నడుమ నేలనుండి ఒక పూవు మొలచును. ఇద్దరును దానిని వాసన చూచి పరవశింతురు. అంతలో అది ఎవరి స్థలములోనిదన్న ప్రశ్న వచ్చును. వ్రేలితో హద్దు గీయుదురు, కంచె నాటుదురు, ఒకని హద్దు ఒకడు త్రోయును. చేయి చేయి కలియును. ముఖములు రాక్షసుల ముఖములగును. ఒకని ఇల్లు ఒకడు కూల్చి, భార్యాబిడ్డలను చంపి, చివరకు ఇద్దరును చత్తురు. పూవు వారి కాళ్ళక్రిందనే నలిగిపోవును. రెండు సమాధులు లేచును; వాటి చుట్టు కంచెలు వాటంతట అవియే అమరును; సమాధికొక పూవు వచ్చి పైన నిలుచును. పిమ్మట పొరుగువానిని ప్రేమింపుమను హితవు పలు భాషలలో తెరపై కనబడును.

ఇందులో మెక్లారెన్ బొమ్మలు గీయలేదు. మనుష్యులనే బొమ్మలుగ వాడెను. గ్రాంట్ మన్రో, జాన్-పాల్ లాదుసేర్ అను ఇద్దరు సహోద్యోగులు నటులు. వారిని ఒక భంగిమలో నిలిపి ఒక గడి తీయుట, కొంచెము కదిలించి మరియొక గడి తీయుట. నటుడు గాలిలోనికి ఎగిరినపుడే ఒక గడి, అడుగు ముందుకు వేసి మరల ఎగిరినపుడు మరియొక గడి. ఇట్లు తీయగా తెరపై మనిషి నేలకు కాలు తగులకుండ తేలిపోవుచున్నట్లు అగపడును. కుర్చీలు, అగ్గిపుల్లలు తమంతట తాము నడచును. నవ్వించు ఈ గారడీతోనే కథ మొదలగును గనుక, నరహత్య వచ్చువరకు ప్రేక్షకుడు నవ్వుచునే ఉండును. అతని నవ్వు ఎచ్చట ఆగునో అచ్చటనే చిత్రము పని మొదలగును.

భార్యాబిడ్డలను చంపు ఘట్టము మిక్కిలి క్రూరమని అమెరికా, ఐరోపా ప్రదర్శకులు వెనుదీయగా, దానిని కత్తిరించవలసి వచ్చెను. మగవారిద్దరు కొట్టుకొని చచ్చుటను చూడగలిగిన ప్రేక్షకులు, ఆ కొట్లాటలో ఆడువారు, పసివారు గూడ చత్తురన్న నిజమును మాత్రము చూడలేకపోయిరి! నా మట్టుకు నాకు ఆ ఘట్టము లేని చిత్రము సగము నిజముగ తోచును. 1967లో, వియత్నాములో యుద్ధము జరుగుచున్న కాలమున, దానిని తిరిగి చేర్చిరి. మూలమైన నెగటివు అప్పటికే నశించియుండుటచే, పాత ప్రతినుండి ఆ భాగమును తీసి అతికిరి.

1953లో ఈ చిత్రమునకు అమెరికావారి ఆస్కారు బహుమానము వచ్చెను. వింత యేమనగా, ఈ కల్పిత కథకు డాక్యుమెంటరీల తరగతిలో బహుమాన మిచ్చిరి. ఆ కాలముననే మెక్లారెన్ యునెస్కో పక్షమున భారతదేశమునకు వచ్చి, చైనాలో చేసినట్లే, బొమ్మల ద్వారా ప్రజలకు విద్య నేర్పు పద్ధతులపై పనిచేసెను. మన ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజను బొంబాయిలో కార్టూను విభాగమును తెరచినది 1956లో గనుక, ఆయన రాక దానికన్న ముందటిది.

భారతదేశముతో అతని సంబంధము అంతటితో తీరలేదు. 1957లో వచ్చిన 'ఎ చెయిరీ టేల్' అను చిత్రమునకు సంగీతమిచ్చినది మన రవిశంకర్. తబలా వాయించినది చతుర్‌లాల్. కథ ఒక మనిషికి, ఒక కుర్చీకి నడిచిన జగడము. చదువుకొనుటకు కూర్చుండబోగా కుర్చీ తప్పించుకొనును. అతడు బెదిరించును, బతిమాలును, వెంటబడును, కుర్చీ లొంగదు. ఎట్టకేలకు తాను వంగి, కుర్చీని తనపై కూర్చుండనిచ్చిన పిదపనే అది అతనిని కూర్చుండనిచ్చును. సితారు, తబలా ఆ కుర్చీకి మాటలై పలికినవి. మాట ఒక్కటియు లేని ఈ చిత్రమును మన పిల్లలు చూచినను కడుపుబ్బ నవ్వుదురు.

అంతకు రెండేండ్ల ముందు 'బ్లింకిటీ బ్లాంక్' చిత్రమునకు ఫ్రాన్సు దేశపు కాన్ ఉత్సవమున లఘుచిత్రముల అగ్ర బహుమానము లభించెను. నల్లని ఫిల్మును మొనతో గీకి చేసిన చిత్రమది. చాల గడులను ఖాళీగ వదలి, అక్కడక్కడ మాత్రమే బొమ్మ వ్రాసెను. చీకటిలో మెరుపులవలె అవి కనబడి మాయమగును, మిగిలినది చూచువాని కన్ను పూరించుకొనును. 1960 దశకములో చేసిన 'లైన్స్' చిత్రములలో గీతలు తప్ప మరేమియు లేవు. ఇవి అందరికి రుచింపవు. మాటలు లేని రాగాలాపనను ఓపికతో వినగలవారికి వీటి రుచి తెలియును.

1968లోని 'పా ద దూ' అతని పనితనమునకు శిఖరము. నల్లని నేపథ్యమున ఒక నర్తకి, ఒక నర్తకుడు. వారి కదలికను ముద్రించునపుడు ఒకే గడిపై ఆ బొమ్మనే పదునొకండు మారుల వరకు, కొంచెము కొంచెము ఆలస్యముగ ముద్రించెను. చేయి ఎత్తినచో ఆ చేయి నడచిన దారి యంతయు విసనకఱ్ఱవలె విచ్చుకొని నిలుచును. మరుసటి సంవత్సరము దీనికి బ్రిటిషు ఫిల్ము అకాడమీ బహుమానము వచ్చెను.

ఇన్ని బహుమానములు వచ్చినను మెక్లారెన్ జీతమునకు పనిచేయు ఉద్యోగిగనే ఉండెను. తన పద్ధతులను రహస్యముగ దాచుకొనలేదు. అడిగినవారికి వ్రాతపూర్వకముగ వివరములు పంపెడివాడు. లండనులో పరిచయమైన గై గ్లోవర్ కెనడాలో గూడ అతనితోనే ఉండి, ఫిల్ము బోర్డులో నిర్మాతగ పనిచేసి, జీవితాంతము సహచరుడుగ నిలిచెను. మెక్లారెన్ తుది చిత్రము 'నార్సిసస్' 1983లో వెలువడెను. మరుసటి సంవత్సరము అతడు పదవీ విరమణ చేసెను. 1987 జనవరి 27వ తేదీన, 72వ యేట, క్విబెక్ రాష్ట్రమున కన్నుమూసెను.

2009లో యునెస్కో సంస్థ, ప్రపంచము మరువరాని పత్రముల పట్టికలో 'నైబర్స్' చిత్రమును చేర్చెను. కత్తిరించి, తిరిగి అతికిన ఆ ఘట్టము నేడు చూపు ప్రతిలో ఉన్నది.